సుట్టి ఎవరికి?

మా ఇంట్లో ఏటా ఒకసారి అందరం కలిసి ఒక రోజు ఊరు దాటి పోవడం ఆనవాయితీ. ఎక్కువసార్లు బాన్సువాడ నుంచి వర్ని దారి పట్టి బడాపహాడ్ దర్గాకు పోతాం. మొక్కు ఉన్న ఏడాది మేకపోతును తోలుకుపోతాం, లేని ఏడాది కోళ్లతో సరిపెట్టుకుంటాం. గుట్ట కింద చెట్ల నీడన మూడు రాళ్ల పొయ్యిలు పెట్టి, వండి, తిని, పొద్దుగూకేసరికి ఇల్లు చేరతాం. మా వైపు దీన్ని కందూరు అంటారు. అక్కడ హిందువుల పొయ్యి పక్కనే ముస్లింల పొయ్యి మండుతుంటుంది. ఉప్పు మరిచిపోయినవాళ్లు పక్క పొయ్యి దగ్గరికి పోయి అడిగి తెచ్చుకుంటారు. మనుషుల మధ్య గోడలు కట్టే రాజకీయాలు ఇంతగా పెరిగిన ఈ కాలంలో ఆ ఒక్క దృశ్యం కోసమైనా ఏటా పోవాలనిపిస్తుంది.

ఈసారి తిరుగు ప్రయాణంలో నన్ను పట్టుకున్న ఆలోచన మాత్రం వేరు. జిడ్డు గంజుల మధ్య మోకాళ్లు ముడుచుకొని కూర్చున్న మా అత్తమ్మ ఉన్నట్టుండి ఒక మాట అన్నది: “ఒక్క పూటన్న ఇల్లు ఇడిసి పోదామనుకుంటం బిడ్డా. పొయ్యి మనకంటె ముందే బండెక్కుతది.”

బండిలో ఉన్న ఆడవాళ్లందరం నవ్వాం. నవ్వు ఆగిన తర్వాత ఎవరం చాలాసేపు మాట్లాడలేదు. ఈ సంపాదకీయం ఆ మాట గురించే.

స్త్రీల మీద ఇన్ని ఘోరాలు జరుగుతుంటే, కోర్టుల్లో ఇన్ని కేసులు మూలుగుతుంటే, వంట గురించీ విహారయాత్ర గురించీ సంపాదకీయమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. హింస కంటికి కనబడుతుంది కాబట్టి దాని మీద పోరాడటానికి కనీసం ఒక పేరైనా ఉంది. సంతోషం పేరుతో జరిగే చాకిరీ కనబడదు. అందరూ నవ్వుతున్న ఫొటోలో అది ఎక్కడ ఉందో వేలు పెట్టి చూపించడం కష్టం. అందుకే ఆ ఒక్క రోజు లెక్క రాసి చూపిస్తాను.

మొత్తం ముప్పై ఒక్క మందిమి. పొద్దున ఏడింటికి బయల్దేరాలని మగవాళ్లు నిర్ణయించారు. ఏడింటికి బయల్దేరాలంటే ఆడవాళ్లు మూడింటికి లేవాలి. ఈ మాట ఎవరూ ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం కూడా ఎవరికీ కనబడలేదు. దారిలో పిల్లలు ఆకలంటారని పులిహోర, పెరుగన్నం కట్టాలి. జొన్నరొట్టె తప్ప మరేదీ సహించని మామయ్యకు రొట్టెలు చెయ్యాలి. ఇంట్లో మిగిలిపోయే ముసలి పెద్దమ్మకు రెండు పూటలకు వండి మూత పెట్టాలి. గొడ్డుకు కుడితి పెట్టాలి. ఆ తర్వాత సామాను: బియ్యం, నూనె, ఉల్లిగడ్డలు, అల్లం వెల్లుల్లి ముద్ద, మసాలా, కొత్తిమీర, పుదీనా, చింతపండు, రెండు పెద్ద గంజులు, గరిటెలు, కత్తిపీట, కట్టెలు, కిరోసిన్ సీసా, విస్తళ్లు, నీళ్ల డ్రమ్ము, చాప, పసిపిల్ల గుడ్డలు. ఈ చిట్టా కాగితం మీద రాసి లేదు. మా పెద్ద వదిన తలలో ఉంది. అక్కడికి చేరిన తర్వాత అగ్గిపెట్టె కనబడకపోతే అందరి చూపులు ఆమె వైపే తిరుగుతాయి. మరిచిపోయే హక్కు ఆమెకు లేదు.

మాకు కుదిరిన బండి డీసీఎం. ముందు సీట్లలో, డ్రైవరు పక్కన, ఇంటి పెద్ద మగవాళ్లు కూర్చున్నారు. కుర్రవాళ్లు మోటారు సైకిళ్ల మీద పోయారు. ఆడవాళ్లం, పిల్లలం, మేక, గంజులు వెనక. సామాను మొయ్యడానికి తయారైన బండిలో సామానుతో పాటు మేము. ఇదేమీ నవ్వుకొని వదిలేసే సంగతి కాదు. 2022 మే 8న మా కామారెడ్డి జిల్లాలోనే హసన్‌పల్లి గేటు దగ్గర జనాన్ని ఎక్కించుకొని వస్తున్న ట్రాలీ ఆటో, లారీ ఢీకొని తొమ్మిది మంది చనిపోయారు. ఒక కుటుంబ కార్యానికి పోయి తిరిగి వస్తున్న బంధువులు వాళ్లు. పెళ్లికైనా, జాతరకైనా, చావుకైనా పల్లెలో కుటుంబం మొత్తం కదలాలంటే సామాను బండే గతి అవుతున్నది. అందులో వెనక భాగం ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు.

గుట్ట కింద దిగగానే పనులు పంచుకున్నాం. మేకను కోసి ముక్కలు చెయ్యడం మగవాళ్ల పని. అది గంటలో అయిపోయింది. పొయ్యి వెలిగించడం, రెండు బిందెల నీళ్లు తేవడం కూడా వాళ్లే చేశారు. ఆ తర్వాత పేకముక్కలు బయటికి వచ్చాయి. మిగిలినవన్నీ, అంటే బోటి కడగడం, తలకాయ కూర, బగార అన్నం, పచ్చిపులుసు, పిల్లలకు కారం లేని కూర, వడ్డన, మళ్లీ వడ్డన, అన్నీ ఆడవాళ్లవి. పన్నెండేళ్ల మా మేనకోడలిని ఉల్లిగడ్డలు కొయ్యడానికి పిలిచారు. దాని తమ్ముణ్ణి ఎవరూ పిలవలేదు, వాడు క్రికెట్ ఆడుకుంటున్నాడు. బడిలో ఆడపిల్లా మగపిల్లవాడూ సమానమని నేర్పే పాఠం ఉంటుంది. చెట్ల కింద దానికి వ్యతిరేక పాఠం ఏ పుస్తకం లేకుండానే నడుస్తుంది.

ఇంకో సంగతి కూడా రాయాలి. మా వాళ్లలో నలుగురు పొద్దున్నుంచి నీళ్లు తాగలేదు. మగవాళ్లకు చెట్టు చాటు ఉన్నది. ఆడవాళ్లకు చీకటి పడితే తప్ప చాటు లేదు. ఎండలో, పొగలో, పొయ్యి ముందు కూర్చొని నీళ్లు తాగకుండా పని చెయ్యడం ఎంత ప్రమాదమో ఆరోగ్య శిక్షణల్లో మనమే చెబుతుంటాం. ఒకామెకు నెలసరి తేదీ దగ్గర పడిందని గుట్ట ఎక్కాలా వద్దా అన్న గుబులు. ఆ గుబులుతోనే ఆమె రోజంతా గడిపింది.

మరి ఆ రోజు సంతోషం లేదా అంటే, ఉంది. అబద్ధం చెప్పను. ఆడవాళ్లం పది మందిమి ఒకచోట చేరి వండుతుంటే వచ్చే నవ్వులు మామూలు రోజుల్లో ఇంట్లో రావు. తోటికోడళ్ల మధ్య ఏళ్ల తరబడి ఉన్న అలకలు కొన్ని ఆ పొయ్యి దగ్గరే తీరాయి. పక్క పొయ్యి దగ్గరున్న ముస్లిం అక్క మా బగారలో పుదీనా ఎప్పుడు వెయ్యాలో చెప్పి, మా పచ్చిపులుసు ఒక గిన్నెడు తీసుకుపోయింది. వంట మీద నాకు కోపం లేదు. వంట ఒక విద్య. చేతి కొలతలతో, ముక్కుతో, చెవితో తరతరాలుగా స్త్రీలు నిలబెట్టుకొస్తున్న జ్ఞానం అది. నా కోపం ఆ విద్యను ఒకే చేతికి కట్టేసి, రెండో చేతిని పేకముక్కలకు వదిలేసిన ఏర్పాటు మీద.

మధ్యాహ్నం రెండు గంటలప్పుడు వాన వచ్చింది. వేసవి వాన కదా, చెప్పాపెట్టకుండా గాలితో సహా వచ్చింది. ఒక పొయ్యి పూర్తిగా ఆరిపోయింది. ఇంకో పొయ్యి మీద బగార సగం ఉడికి ఉంది. మేమంతా పిల్లలను పట్టుకొని డీసీఎం మీది తాటిపత్రి కిందికి పరుగెత్తాం. అప్పుడు మా చిన్న మరిది లేచాడు. నాలుగు రాళ్లు అడ్డం పెట్టి, తడవని కట్టెలు ఏరి, ఒక రేకుముక్కను గాలికి అడ్డంగా నిలబెట్టి, గంజు మీద తడిగుడ్డ చుట్టి మూత బిగించాడు. మూత మీద నిప్పులు పోశాడు. అరగంటలో మెతుకు మెతుకు విడివిడిగా ఉన్న బగార దింపాడు. ఆరిపోయిన పొయ్యి మీది కూరను కూడా అతనే అందుకున్నాడు. అందరం ఆశ్చర్యపోయాం. మగవాళ్లు ఈలలు వేశారు. అత్తమ్మ కొడుకును చూసి మురిసిపోయింది. ఇంటికి వచ్చిన తర్వాత కూడా వారం రోజులు బంధువులందరికీ ఫోన్లలో అదే కథ. మూడింటికి లేచిన ఏడుగురు ఆడవాళ్ల ఊసు ఆ కథలో ఎక్కడా లేదు.

“ఇంత మంచిగ ఎట్ల నేర్చుకున్నవ్?” అని అడిగాను.

“మస్కట్‌ల తొమ్మిదేండ్లు ఉంటి గద వదినా. రూములో పన్నెండు మందిమి. గోడకు కాగితం అంటించుకున్నం. సోమారం ఒకలు, మంగళారం ఒకలు. నా వంతు వస్తె పన్నెండు మందికి నేనే వండుదు. బాసన్లు ఇంకొకల వంతు.”

“మరి వచ్చి నాలుగేండ్లాయె. ఇంట్ల ఒక్కనాడన్న వండినట్టు నేను చూడలే?”

అతను నిజంగానే ఆలోచించాడు. తర్వాత ఏ దాపరికం లేకుండా అన్నాడు: “అక్కడ ఆడోళ్లు ఎవ్వరు లేకుండ్రి గద వదినా!”

పితృస్వామ్యం గురించి మనం ఎన్నో శిక్షణ తరగతులు పెట్టాం, ఎన్నో కరపత్రాలు వేశాం. ఇంత సూటిగా ఎప్పుడైనా చెప్పగలిగామా అని నాకు అనుమానం. మగవాళ్లకు వంట రాదన్నది నిజం కాదు. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి గల్ఫ్ దేశాలకు పోయిన వేల మంది మగవాళ్లు ఏళ్ల తరబడి వండుకు తిన్నారు, అంట్లు తోముకున్నారు, బట్టలు ఉతుక్కున్నారు. పనిని వంతులు వేసుకోవడం వాళ్లకు బాగా తెలుసు. చెయ్యడానికి ఒక స్త్రీ అందుబాటులో ఉన్నప్పుడు ఆ తెలివి ఇంటి గడప దగ్గర చెప్పులతో పాటు బయటే ఉండిపోతుంది. అంటే వంటపని చేతనవడానికి సంబంధించింది కాదు, అధికారానికి సంబంధించింది.

ఆ రాత్రి ఇల్లు చేరేసరికి ఎనిమిదయింది. మగవాళ్లు అలసిపోయామని పడుకున్నారు. మాడిన గంజులు తోమడం పూర్తయ్యేసరికి పదకొండు. మరిది చేసిన బగార గంజు కూడా అందులో ఉంది. దాన్ని తోమింది అతని భార్య.

తర్వాత వారం బాన్సువాడలో ఆడవాళ్లం ఒకచోట కూర్చున్నప్పుడు ఒకే ప్రశ్న అడిగాను: “మీరు ఆఖరుసారి సుట్టి తీసుకున్నది ఎప్పుడు?” మా వైపు సెలవును సుట్టి అంటాం. బీడీలు చేసే అక్కలు ఎక్కువమంది ఉన్నారు. ఒకామె అన్నది, “జొరమొచ్చి పండుకున్న. గదే సుట్టి.” ఇంకొకామె, “కాన్పుకు అమ్మగారింటికి పోయిన్నాడు.” ఆమె చిన్న కొడుక్కు పందొమ్మిదేళ్లు. మూడో ఆమె ఊరికి పోవాల్సి వస్తే ముందురోజు రాత్రి ఒంటిగంటదాకా చాట ముందు కూర్చొని రెండు రోజుల బీడీలు ఒక్కరోజే చుడుతుంది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి లెక్క కాబట్టి, చుట్టని రోజుకు కూలి లేదు. అంటే ఆమె సుట్టికి రెండు ధరలు. బయటి పని కూలి పోతుంది, ఇంటి పని మాత్రం పోకుండా ఎదురుచూస్తుంటుంది.

ఇది మా బాన్సువాడ కథ మాత్రమే కాదు. దేశమంతటా జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం 2019లో ఇంటిపని చేసే స్త్రీలు దాని మీద రోజుకు సగటున 299 నిమిషాలు పెట్టారు. చేసే పురుషులు పెట్టింది 97 నిమిషాలు. అసలు ఆ పనిలో చెయ్యి పెట్టినవాళ్లు స్త్రీలలో నూటికి 81 మంది, పురుషులలో 26 మంది. 2024 సర్వే వచ్చేసరికి స్త్రీల సమయం 289 నిమిషాలకు తగ్గింది. సంతోషించే లోపల పక్క గడి చూడండి. పురుషుల సమయం కూడా 88 నిమిషాలకు తగ్గింది. స్త్రీలకు మిగిలిన పది నిమిషాలు గ్యాసు వల్ల వచ్చాయో, మిక్సీ వల్ల వచ్చాయో, నల్లా నీళ్ల వల్ల వచ్చాయో గాని, పురుషుడు పని అందుకోవడం వల్ల రాలేదని మాత్రం ఆ అంకెలు చెబుతున్నాయి.

ఈ శ్రమకు విలువ కట్టే చోటు మన దేశంలో ఒకటి ఉంది. అది ఏమిటో తెలిస్తే మనసు చివుక్కుమంటుంది. రోడ్డు ప్రమాదంలోనో మరో దుర్ఘటనలోనో గృహిణి చనిపోతే నష్టపరిహారం లెక్క కట్టేటప్పుడు. 1989లో జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదం కేసులో 2001లో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు గృహిణి సేవలను నెలకు 3,000 రూపాయలుగా అంచనా వేసింది. 2010లో మరో కేసులో, జనాభా లెక్కల్లో గృహిణులను బిచ్చగాళ్లతో, ఖైదీలతో కలిపి ఉత్పాదకత లేనివాళ్ల కింద చూపడాన్ని అదే కోర్టు తప్పుబట్టింది. 2014లో ఢిల్లీలో మోటారు సైకిల్ మీద పోతూ ప్రమాదంలో చనిపోయిన భార్యాభర్తల కేసు 2021 జనవరి 5న తేలింది. ఆ తీర్పులో జస్టిస్ ఎన్.వి. రమణ ఇందాక చెప్పిన 299, 97 నిమిషాల లెక్కను ఉదహరించి, ఇంటిపనికి ఆదాయం లెక్క కట్టడం స్త్రీల శ్రమను గుర్తించడమేనని రాశారు. మంచి తీర్పులే. కాని గంజు తోముతున్నప్పుడు లేని విలువ, డీసీఎం బోల్తా పడి చనిపోయిన తర్వాతే పుట్టడం ఎంత అన్యాయం! బతికి ఉన్న స్త్రీ శ్రమ లెక్క ఇంట్లోనే, బతికి ఉండగానే జరగాలి.

విశ్రాంతి హక్కు మనం కొత్తగా కనిపెట్టిన కోరిక కాదు. 1948 డిసెంబర్ 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన విశ్వ మానవ హక్కుల ప్రకటనలోని 24వ అధికరణ ప్రతి మనిషికీ విశ్రాంతి, తీరిక హక్కులని చెప్పింది. స్త్రీల మీద అన్ని రకాల వివక్షల నిర్మూలన ఒప్పందం, 1979లో వచ్చింది, 13వ అధికరణలో వినోదంలో, ఆటల్లో, సాంస్కృతిక జీవితంలో స్త్రీలకు సమాన హక్కును చేర్చింది. మన దేశం ఆ ఒప్పందాన్ని 1993లో ధ్రువీకరించింది. కూలి హక్కు, ఆస్తి హక్కు, హింస లేకుండా బతికే హక్కు గురించి మనం గొంతెత్తినంతగా తీరిక హక్కు గురించి ఎత్తలేదు. అది ఉన్నవాళ్ల విలాసమనుకున్నామేమో. బీడీలు చుట్టే అక్కకు జ్వరమే సెలవైనప్పుడు అది విలాసమెట్లా అవుతుంది?

ఐస్‌లాండ్ అనే చిన్న దేశంలో 1975 అక్టోబర్ 24న స్త్రీలు ఒక్క రోజు సెలవు తీసుకున్నారు. నూటికి తొంభై మంది ఆఫీసు పని, ఇంటి పని, పిల్లల పని అన్నీ ఆపేసి బయటికి వచ్చారు. తండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని ఉద్యోగాలకు పోవాల్సి వచ్చింది. సులువుగా వండుకోవచ్చని అందరూ ఎగబడటంతో దుకాణాల్లో సాసేజీలు అయిపోయాయని చెప్పుకుంటారు. మరుసటి ఏడాదే ఆ దేశం సమానత్వ చట్టం చేసింది. 1980లో ఒక స్త్రీని అధ్యక్షురాలిగా ఎన్నుకున్నది. వాళ్లు దాన్ని సమ్మె అనడానికి బదులు సెలవు అన్నారు. సెలవు అనే మాటలో అంత బలం ఉంది.

మన రాష్ట్రంలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు, ట్రాన్స్‌జెండర్లకు ప్రయాణం ఉచితమైంది. కండక్టరు ఇచ్చే జీరో టికెట్టును అత్తమ్మ దాచుకున్నది, అది తన పేరు మీద వచ్చిన మొదటి కాగితమన్నట్టు. స్త్రీలు ఊరికే తిరుగుతున్నారని ఎకసెక్కాలాడిన వాళ్లను కూడా చూశాం. ఊరికే తిరగడం మగవాళ్లకు పుట్టుకతో వచ్చిన హక్కు, స్త్రీలకు మాత్రం ఎగతాళి. ఏ పనీ లేకుండా బస్సెక్కి ఒక ఊరు చూసి రావడం కూడా హక్కేనని మనం గట్టిగా చెప్పాలి.

ఆ టికెట్టు పట్టుకొని కార్తీకంలో మేము ఒక పని చేశాం. మా ఇంటి నుంచి, చుట్టుపక్కల ఇళ్ల నుంచి తొమ్మిది మంది ఆడవాళ్లం బస్సెక్కి నిజాంసాగర్ పోయాం. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన రాతి ఆనకట్ట అది. దాని నీళ్లతో పండిన బియ్యాన్ని మేము పుట్టిన్నాటి నుంచి వండుతున్నాం. తొమ్మిది మందిలో నలుగురు ఆ నీళ్లను దగ్గర నుంచి చూడటం అదే మొదటిసారి. వంట సామాను పట్టుకుపోవద్దని ముందే ఒట్టు పెట్టుకున్నాం. పేలాలు, అరటిపండ్లు, బస్టాండు దగ్గర కొన్న మిర్చి బజ్జీలు. అంతే.

అంతా గొప్పగా జరిగిందని రాస్తే మీరు నమ్మరు. మధ్యాహ్నం లోపల మా ఫోన్లు పద్నాలుగుసార్లు మోగాయి. పప్పు డబ్బా ఎక్కడ, గ్యాసు ఎట్లా మార్చాలి, పిల్ల ఏడుస్తున్నది. ఇద్దరు ఆడవాళ్లు ముందురోజు రాత్రే కూరలు వండి మూతలు పెట్టి వచ్చారని సాయంత్రానికి బయటపడింది. “ఎందుకే?” అంటే, “మళ్ల పోనియ్యరేమోనని” అన్నది ఒకామె. టికెట్టు జీరో అయినా అనుమతి ధర ఇంకా ఉంది. ఆ ధర ముందురోజు రాత్రి పొయ్యి దగ్గర కట్టాలి. అయినా ఆ రోజు కట్ట మీద కాళ్లు చాపుకొని కూర్చున్న అత్తమ్మ ముఖం నేను మరిచిపోలేను. “ఎవలకన్న ఏమన్న కావాల్నా?” అని ఆమె రెండుసార్లు అలవాటుగా లేవబోయింది. రెండుసార్లూ కూర్చోబెట్టాం. మూడోసారి లేవలేదు.

ఇక్కడ మనల్ని మనం కూడా ప్రశ్నించుకోవాలి. మన సంఘాల్లో, సంస్థల్లో శిక్షణ తరగతి పొద్దున తొమ్మిదింటికే మొదలుపెడతాం. తొమ్మిదింటికి రావాలంటే కార్యకర్త ఎన్నింటికి లేవాలో ఎప్పుడైనా అడిగామా? సమావేశాల్లో టీ కప్పులు ఎవరు కడుగుతున్నారు? డబ్బున్న ఇళ్లలో యాత్రకు వంటమనిషిని వెంట తీసుకుపోతున్నారు. అప్పుడు ఇంటి ఇల్లాలికి తీరిక దొరికినట్టే కనబడుతుంది. కాని ఆ వంటమనిషి ఏ కులం నుంచి వచ్చిందో, ఆమె ఇంట్లో ఆ రోజు పొయ్యి ఎవరు వెలిగించారో కూడా మన లెక్కలోకి రావాలి. ఒక స్త్రీ సుట్టి ఇంకొక పేద స్త్రీ నడుము మీద నిలబడితే చాకిరీ చేతులు మారిందే తప్ప పంపకం జరగలేదు.

పంపకం ఎట్లాగో మా మరిది చెప్పనే చెప్పాడు. గోడకు ఒక కాగితం. దాని మీద వంతులు. మస్కట్ రూములో పన్నెండు మంది మగవాళ్లకు సాధ్యమైంది బాన్సువాడ ఇంట్లో ఎందుకు సాధ్యం కాదు? వచ్చే కందూరుకు మేము రాసుకున్న కాగితం ఇది. సామాను చిట్టా రాయడం, సర్దడం మగవాళ్ల వంతు, ఎందుకంటే గుర్తుపెట్టుకోవడం కూడా పనే. కూర ఆడవాళ్లు వండితే బగార మగవాళ్లు. గంజులు తోమడం కూర్చొని తిన్నవాళ్ల వంతు. ఉల్లిగడ్డల దగ్గర మేనకోడలితో పాటు దాని తమ్ముడు. వెనక భాగంలో మనుషులను ఎక్కించే బండి వద్దు, బస్సే మాట్లాడుకోవాలి, ఖర్చు ఎక్కువైతే మేక బదులు కోళ్లు. ఈ చివరి మాట మీద ఇంట్లో ఇంకా గొడవ నడుస్తున్నది. కాగితం మాత్రం గోడ మీద ఉంది. మరిది భార్య రోజూ దాని ముందు నిలబడి ఒకసారి చదువుతుంది.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి కూడా ఉన్నాయి. జాతరలు, దర్గాలు, గుళ్లు, చెరువుగట్లు, జనం చేరే ప్రతి చోటా తలుపులున్న, నీళ్లున్న మరుగుదొడ్లు కావాలి. చీకటి పడిన తర్వాత కూడా పల్లెకు చేర్చే బస్సు కావాలి. కుటుంబ కార్యాలకు పేదలు భరించగల అద్దెకు బస్సు దొరకాలి. బీడీ కార్మికులకు కూలి పోని సెలవు కావాలి. వీటి కోసం కలిసి దరఖాస్తులు పెడదాం, ధర్నాలు చేద్దాం. గోడ మీది కాగితం కోసం మాత్రం ఎవరింట్లో వాళ్లే కూర్చోవాలి. ఆ ధర్నా కష్టమైనది, ఎందుకంటే ఎదురుగా ఉన్నవాళ్లు మనం ప్రేమించేవాళ్లు.

మీరూ ఈ మూడు నెలల్లో ఏదో ఒక ఊరికి, జాతరకు, పెళ్లికి పోయే ఉంటారు. ఆ రోజు ఎన్నింటికి లేచారు, బండిలో ఎక్కడ కూర్చున్నారు, ఎప్పుడు నీళ్లు తాగారు, ఆఖరు గిన్నె ఎన్నింటికి తోమారు, రాసి పంపండి. అక్షరాలు రానివాళ్లు చెబితే బడికి పోయే పిల్లల చేత రాయించండి, మగపిల్లల చేత రాయిస్తే మరీ మంచిది. వచ్చే సంచికలో ఆ లెక్కలన్నీ ఒకచోట పెట్టి చూద్దాం.